గుమ్మం బయట చెప్పులు

తాయిఫ్
సెప్టెంబరు నెల

ఓబులన్నకు చెల్లెలు జైనాబ్ సలాం చేసి రాసేది,

ఈ రోజుల్లో కాగితం మీద ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. నవ్వుకో. నా ఫోన్ మేడం బీరువాలో ఉంది, ఆమెకు బుద్ధి పుట్టినప్పుడే బయటికి వస్తుంది. అందుకే ఖాసింను పట్టుకున్నాను. మన గాలివీడు ఖాసిమే. ఇక్కడి తోటల్లో దానిమ్మలు లారీకి ఎత్తుకుని మీ వైపు దమ్మామ్ మార్కెట్టుకు తోలుతుంటాడు. పండ్ల పెట్టెల సందున పెట్టుకుని ఈ ఉత్తరం తెస్తాడు. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

నా సంగతికేం, మేడం ఇల్లు, మేడం గిన్నెలు, మేడం అరుపులు. మామూలే. ఇప్పుడు రాసేది నా గురించి కాదు. ఇక్కడ ఖాలిదా అని ఒకామె ఉంది. మన రాయచోటి వైపు మనిషే. నాలాగే ఇంటిపనికి వచ్చింది. ఒప్పందం గడువు తీరినా ఆ ఇంటివాళ్లు ఊరికి పంపలేదు. తమ ఇల్లు చాలదన్నట్టు వదినగారిల్లు, అత్తగారిల్లు కూడా ఆమె చేతే తుడిపించారు. ఒకరోజు చెత్త వేయడానికి వీధిలోకి వచ్చింది. సంచీ డబ్బాలో పడేసి, వెనక్కి తిరగకుండా తిన్నగా నడిచి వెళ్లిపోయింది. వీసా ఇచ్చి రప్పించుకున్న కఫీల్ ఆమె మీద హురూబ్ పెట్టాడు, అంటే పారిపోయిందని ఫిర్యాదు. ఇక ఆమె ఇకామా కార్డు చెల్లదు, ఈ దేశంలో ఉండే హక్కు పోయినట్టే. ఎవరు ఆపి అడిగినా నేరుగా తర్హీల్‌కే, దేశం నుంచి పంపేసేముందు పెట్టే జైలుకు.

జెడ్డాలో మనవాళ్లకు సాయపడే పెద్దాయన ఒకరు కఫీల్‌తో మాట్లాడుతున్నారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని మర్యాదగా ఇంటికి పోవచ్చు. అంతవరకు ఆమెకు తల మీద ఒక కప్పు కావాలి. అంతే అన్నా, కప్పు.

ప్రస్తుతం మేరాజ్ బేగం అనే ఆమె దగ్గర ఉంటోంది. బేగం ఒక పాత ఇల్లు తీసుకుని, లోపల చెక్కలు అడ్డం కొట్టి ఇలాంటి ఆడవాళ్లకు అద్దెకిస్తుంది. ఇప్పుడు కొత్త చిక్కొచ్చింది. అలా గదులు చేసి అద్దెకివ్వాలంటే బలదియా నుంచి, అదే ఇక్కడి మున్సిపాలిటీ, లైసెన్స్ ఉండాలట. ఉండేవాళ్లందరి పేర్లూ ఇకామా నంబరుతో సహా రాయాలట. ఖాలిదా పేరు ఎవరు రాస్తారు?

నీ మిద్దె మీద రేకుల గది ఉందని, ఈ దేశంలో నాకెప్పుడు కష్టం వచ్చినా అది నాదేనని ఫోన్‌లో చెప్పావు గుర్తుందా? దాన్ని ఆమెకు కొన్నాళ్లు ఇస్తావా?

నీ మాట కోసం చూస్తుంటాను.
జైనాబ్


అల్ అజీజియా, ఖోబర్
అక్టోబరు మొదట్లో

చెల్లెలు జైనాబ్‌కు ఓబులయ్య దీవెనలు.

నీ ఉత్తరం రూములో పెద్ద తమాషా అయింది. మా తిరుపాలు దాన్ని అటూ ఇటూ తిప్పి, "అన్నా, కాగితమొచ్చిందంటే కోర్టు నుంచేమో అనుకుంటి. మన జైనాబక్కనా?" అని నెత్తి మీద పెట్టుకున్నాడు. దానిమ్మ వాసన వస్తోంది, పారేయకుండా దాచిపెట్టాను.

ఇక అసలు సంగతికి వస్తా. నీకేమైనా మతి పోయిందా? ఇది మగవాళ్లుండే ఇల్లు. అందరం మన సీమవాళ్లమే, మంచివాళ్లమే, కానీ మగవాళ్లం. ఇంటి ఓనరు అబూ ఫహద్ నన్ను నమ్మి, నోటిమాట మీద ఇల్లిచ్చాడు. నేను రూము పెద్దని. తాళాలు, కరెంటు, గొడవలు అన్నీ నా నెత్తిన. అందులోకి ముక్కూ మొహం తెలియని ఆడమనిషిని, అదీ హురూబ్ పడిన మనిషిని తెచ్చి మిద్దె మీద దాచమంటావు. దాచినవాడినీ లోపల వేస్తారు, ఆ సంగతి తెలుసా?

ఇంకో మాట. చెత్తసంచీ పారేసి రోడ్డు పట్టి పోయిందంటే తెగించిన మనిషి. అలాంటివాళ్ల జోలికి నువ్వు పోవద్దు. నీ మేడం చెవిన పడితే నీకే చేటు. మీ అబ్బా, నన్నే సాహెబ్ చిన్నాయన, అన్న వరసని నిన్ను నాకు అప్పజెప్పి పంపాడు. నీ కూతురు అమీనా ఫోన్ చేసినప్పుడల్లా "పెదనాన్నా, అమ్మను చూసుకో" అంటుంది. నాకు మాట రానివ్వకు.

గది సంగతంటావా, అది అలాగే ఉంది. నేనే కొట్టిన రేకులు, నేనే వెల్డింగు పెట్టిన తలుపు. లోపల గడియ కూడా పెట్టాను. అది నీది. ఖాలిదాలకూ మరొకరికీ కాదు.

తాయిఫ్‌లో చలి మొదలవుతుంది కదా, స్వెట్టరు పంపాలా?

మీ అన్న
ఓబులయ్య


తాయిఫ్
అక్టోబరు చివర

ఓబులన్నకు సలాం.

స్వెట్టరు వద్దు. దాన్ని ఉంచడానికి చోటు లేదు.

తెగించిన మనిషి అని రాశావు. ఆమెకు చదివి వినిపించాను. మళ్లీ ఒకసారి చదవమంది, అంతే. ఆమె ఎంత తెగించిందో చెప్పనా? చెక్క గోడకు అవతల ఎవరైనా దగ్గితే, తన కోసం ఎవరో వచ్చారని దుప్పటి ముసుగు పెట్టుకుంటుంది. ఆ గోడలు గోడలు కావు. ఒకరు పక్కకు ఒత్తిగిలితే పక్కగదిలో మేకుకు తగిలించిన బురఖా కింద పడుతుంది. కిటికీకి అట్టముక్క అంటించారు, వెలుగు బయటికి పోకూడదని. పగలు కూడా దీపం కిందే బియ్యం ఏరుకోవాలి. స్నానానికి వరుస, పొయ్యికి వరుస, ఏడవడానికి మాత్రం వరుస లేదు.

మొన్న ఇంటి ఓనరు వచ్చి తలుపు దగ్గర కేకలేసి పోయాడు. మేరాజ్ బేగం మా అందరినీ, అంటే వాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పిందట. ఆమెది హైదరాబాదు. "నేనేం జెయ్యాలె చెప్పుండ్రి. లైసెన్స్ గావాలంటే మీ పేర్లియ్యాలె. ఇస్తే మిమ్ముల తీస్కపోతరు. ఇయ్యకుంటే నన్ను తీస్కపోతరు. ఖాళీ జేయమన్నడు, నేను గూడ ఎటు వోవాల్నో తెల్వదు" అని ఆమె కూడా ఏడ్చింది.

అన్నా, ఆ నియమం మంచిదేనంటారు. లైసెన్స్ తీసుకున్న ఓనరు గాలీ వెలుతురూ ఉన్న గది ఇవ్వాలట. మంట లేస్తే తప్పించుకునే దారి ఉంచాలట. పేరెక్కిన మనిషిని ఉన్నపళంగా మెడ పట్టి గెంటకూడదట. వినడానికి ఎంత బాగుందో! కానీ పేరు రాయడానికి వీల్లేని మనుషులకు ఆ మంచి ఎలా అందుతుంది? మంచి గది ఇవ్వలేని ఓనరు చేసేది ఒక్కటే, చెడ్డ గది కూడా లేకుండా చేయడం.

ఆ ఓనరు ఎక్కువ రోజులు ఆగడు. ఇంకోసారి ఆలోచించు. గడియ ఉన్న తలుపన్నావు, ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

జైనాబ్


అల్ అజీజియా, ఖోబర్
నవంబరు

జైనాబమ్మకు,

నీ నోటి చలవ, ఆ చిక్కు మా ఇంటికీ వచ్చింది.

బలదియావాళ్లు వచ్చి మా గుమ్మం మీద కాగితం అంటించి పోయారు. లైసెన్స్ లేకుండా పనివాళ్లను గుంపుగా పెట్టుకున్న ఇల్లట. సరిచేసుకోకపోతే సీలు వేస్తారట. అబూ ఫహద్ పరిగెత్తుకొచ్చాడు. పాపం ముసలాయన, తలగుడ్డ కూడా సరిగా చుట్టుకోలేదు. "ఓబుల్, లైసెన్స్ అంటే బయటి నుంచి వేరే మెట్లు కట్టాలి, మంటలార్పే డబ్బాలు పెట్టాలి, మనిషికింత జాగా అని కొలవాలి. నా వల్ల కాదు. మీరు ఖాళీ చేయండి, లేదా ఫ్యామిలీ ఇల్లని చెప్పుకోండి. ఫ్యామిలీ అయితే ఎవరూ గుమ్మం దాటి రారు" అన్నాడు.

ఇన్నాళ్లు ఉన్న ఇల్లు. ఎక్కడికని పోతాం? వేరే చోట అడిగితే ముందు కంపెనీ కాగితం చూపమంటున్నారు. మాలో సగంమంది కఫీల్ ఒకచోట, పని ఒకచోట. నాకు తిండి సహించడం లేదు జైనాబ్. రూము పెద్దనని మీసం తిప్పినవాడిని, ఇప్పుడు ఎవరి మొహమూ చూడలేకపోతున్నాను.

సరే, ఫ్యామిలీ ఇల్లు చేద్దామనుకున్నాం. ఫ్యామిలీ అంటే ఏముంటుందని తిరుపాలును అడిగితే, "గడప ముందర ముగ్గుంటాది గదన్నా" అని నా వెల్డింగు సుద్దముక్క తీసుకుని గుమ్మం ముందు ఇంత పెద్ద చుక్కల ముగ్గేశాడు. అబూ ఫహద్ చూసి అదిరిపోయాడు. అదేదో చేతబడి గీతలనుకుంటారని, పక్కింటివాళ్ల కంటబడక ముందే బూటుకాలితో రుద్దేశాడు. తర్వాత తిరుపాలు బజారుకు పోయి ఆడవాళ్ల చెప్పులు సంచీడు తెచ్చి వరసగా పేర్చాడు. "ఎంతమంది పెళ్లాలు నీకు?" అని ముసలాయన నెత్తి కొట్టుకున్నాడు. ఆఖరికి ఒక్క జత ఉంచాం, నల్లవి, పైన పూసలున్నవి. గుమ్మం బయట ఆ జత కనిపిస్తే చాలు, దారిన పోయేవాడు తల తిప్పుకుని పోతున్నాడు. ఒక జత చెప్పులకు అంత మర్యాద!

కానీ ఇరుగుపొరుగు ఎప్పటికైనా అడుగుతారు. అందుకే సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆ ఖాలిదాను పంపు. మిద్దె గది ఇస్తాను. అప్పుడప్పుడూ బురఖా వేసుకుని గుమ్మంలో నిలబడితే చాలు. ఆమెకూ గూడు, మాకూ గూడు. ఖాసింతో చెప్తే, ఎందుకో నా వైపు ఒక చూపు చూసి లారీ ఎక్కాడు.

ఓబులయ్య


తాయిఫ్
నవంబరు చివర

ఓబులన్నకు,

అప్పుడు ముక్కూ మొహం తెలియని తెగించిన మనిషి. ఇప్పుడు గుమ్మంలో నిలబెట్టుకోవడానికి పనికొచ్చింది. బాగుంది అన్నా.

ఏ పేరుతో నిలబడాలి ఆమె? నీ పెళ్లామనా? ఎవరైనా ఇకామా చూపమంటే ఏం చూపాలి? పెళ్లి కాని ఆడామగా ఒకే ఇంట్లో ఉంటే ఇక్కడ ఏమవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు. ఇవన్నీ ఆలోచించే రాశావా, లేక భయంలో చేతికొచ్చింది రాశావా? భయంలోనే అనుకుంటాను. కోపం తెచ్చుకోవడానికి కూడా నాకిప్పుడు ఓపిక లేదు.

ఆమె వస్తుంది.

అవును, వస్తుంది. ఖాసిం తర్వాతి ట్రిప్పులో, పెట్టెల వెనక కూర్చుని. దారిలో చెక్‌పోస్టులున్నాయని ఖాసిం నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు. అయినా వస్తుంది. మేరాజ్ బేగం ఇంటికి సీలు పడటం ఖాయమైంది. జెడ్డా పెద్దాయన చెప్పేది ఒకటే, కఫీల్ మెత్తబడుతున్నాడు, కొంచెం ఓపిక పట్టమని. ఓపిక పట్టడానికైనా నిలబడే చోటు ఉండాలి కదా.

ఆమె అడిగినవి రెండే. తలుపుకు గడియ నిజంగానే ఉందా? మిద్దె ఎక్కాలంటే మగవాళ్ల గదుల్లోంచి పోవాలా? ఆమె చెప్పులు తెగిపోయాయి. ఆ పూసల జత కొన్నాళ్లు తొడుక్కోవచ్చా అని కూడా అడిగింది. ఇది మూడోది, లెక్క తప్పాను.

జైనాబ్


అల్ అజీజియా, ఖోబర్
డిసెంబరు

జైనాబమ్మా, పంపొద్దు! ఆమెను ఎక్కడున్నదాన్ని అక్కడే ఉండమను.

మా తెలివి మా కొంపే ముంచింది. మొన్న మళ్లీ వచ్చారు. ఈసారి వాళ్లతో ఒక ఆడ ఆఫీసరు ఉంది. ఫ్యామిలీ ఇల్లని చెప్పుకున్నాం కదా, ఇంట్లో ఆడవాళ్లతో మాట్లాడటానికి ఆడమనిషిని తెస్తారన్న సంగతి ఇంతమందిమి ఉండి ఒక్కడి బుర్రకూ తట్టలేదు. మగవాళ్లు గేటు బయట మర్యాదగా ఆగిపోయారు. ఆమె మాత్రం గుమ్మం దగ్గర చెప్పుల జత చూసి, సలాం చెప్పి లోపలికి వచ్చింది.

"ఇంటావిడ ఎక్కడ?" అని అడిగింది. నేను మావాళ్ల వైపు తిరిగాను. వెనక నుంచి ఎవడో "హమామ్, హమామ్" అన్నాడు, స్నానం చేస్తోందని. ఆ మాట అనగానే తిరుపాలు చల్లగా బాత్రూములోకి దూరి గడియ వేసుకుని నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టాడు. ఆమె ఏం చేస్తుందని మేమనుకున్నామంటే, సరేలెమ్మని వెళ్లిపోతుందని. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "పరవాలేదు, రానివ్వండి, ఆమెతో మాట్లాడే పోతాను" అంది. మేం టీ ఇచ్చాం. తాగింది. ఇంకో టీ ఇచ్చాం. లోపల తిరుపాలు చెంబు మీద చెంబు పోస్తూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి సన్నగా దగ్గాడు కూడా, ఆడగొంతుతో అనుకుని. చివరికి మిద్దె మీద ట్యాంకు ఖాళీ అయింది. కొళాయి గురగురమంది. తలుపు తెరుచుకుని తిరుపాలు తడిసిన మీసంతో, లుంగీ పిండుకుంటూ బయటికి వచ్చాడు.

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ప్రతి గదీ చూసింది, కిటికీలు తెరిచి చూసింది, పడకలు లెక్కపెట్టింది. పోతూ పోతూ అబూ ఫహద్‌ను పిలిచి, అబద్ధం చెప్పించినందుకు అతనికే ఎక్కువ చీవాట్లు పెట్టింది. లైసెన్స్ తీసుకోవాలి, లేదంటే తాళం. కొద్దిరోజుల గడువు ఇచ్చింది.

ఖాలిదా ఆ రోజు ఇక్కడ ఉండి ఉంటే ఆమెను అక్కడికక్కడే తీసుకుపోయేవాళ్లు. దేవుడు మేలు చేశాడు. కొన్నాళ్లు ఎక్కడైనా తలదాచుకోమను. పాపం, నేనేమీ చేయలేను.

ఓబులయ్య


తాయిఫ్
డిసెంబరు

ఓబులన్నకు,

నీ ఉత్తరం అందేసరికి మూట చంకలో పెట్టుకుని లారీ పక్కన నిలబడి ఉన్నాను. ఖాసిం ఇవ్వలేక ఇవ్వలేక చేతికిచ్చాడు. అక్కడే చదివాను. తిరుపాలు దగ్గు దగ్గర నవ్వొచ్చింది. తర్వాత చక్రానికి ఆనుకుని కూర్చున్నాను.

ఖాలిదా లేదు అన్నా. ఎప్పుడూ లేదు. చెత్తసంచీ పారేసి నడిచిపోయింది నేను. నువ్వు తెగించిన మనిషి అన్నది నన్ను. బీరువాలో ఫోనూ లేదు, మేడమూ లేదు. ఫోన్ ఉంటే సిమ్ము పట్టుకుని వస్తారేమోనని నేనే తీసి పారేశాను. మొదటి ఉత్తరం రాసే రోజుకే మేరాజ్ బేగం చెక్క గోడల మధ్య ఉన్నాను.

నా పేరుతో అడిగే ధైర్యం లేకపోయింది. అడిగితే అబ్బాకు తెలుస్తుంది, అమీనాకు తెలుస్తుంది, వాళ్ల గుండె ఆగిపోతుందనుకున్నాను. ఇంకోటి కూడా ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషికైనా నువ్వు గది ఇస్తావని, అప్పుడు నేను వచ్చి నిలబడితే ఎంత సంతోషిస్తావోనని ఆశపడ్డాను. నువ్వు ఇవ్వలేదు. తప్పు పట్టను. నీ జాగాలో ఉంటే నేనూ ఇవ్వనేమో.

బేగం ఇంటికి సీలు పడింది. ఆడవాళ్లందరూ తలా ఒక దిక్కు పోయారు. బేగం ఎటు పోయిందో తెలియదు. నేను తోటలో పండ్లు పేర్చే షెడ్డులో ఉంటున్నాను, తోటమాలి అనీస్ చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడు. మూడు పక్కలే గోడలు. ఇక్కడి చలి నీకు తెలియదు, పళ్లు టకటకమంటాయి. అట్టపెట్టెలు విప్పి కింద పరుచుకుని, మిగిలినవి పైన కప్పుకుంటాను. కుక్క అరిస్తే చాలు, లేచి తోటలోకి పరిగెడతాను.

భయంగా ఉంది ఓబులన్నా. చాలా భయంగా ఉంది. తర్హీల్‌కు పోతే వేలిముద్ర వేయించుకుంటారు, ఇక ఈ నేల మీద కాలు పెట్టనివ్వరు. ఇంత దగ్గర ఉండి మక్కాకు పోయి ఒక్క ఉమ్రా కూడా చేయలేదు. మేడం తీసుకుపోతానంటూనే కాలం గడిపేసింది. ఆ కోరిక ఒక్కటి తీర్చుకుని, ఎగ్జిట్‌తో తలెత్తుకుని ఇంటికి పోదామనుకున్నాను. అంతవరకే గది అడిగాను. ఇంకా ఉందా అది?

నీ చెల్లెలు
జైనాబ్


అల్ అజీజియా, ఖోబర్
జనవరి

తల్లీ జైనాబూ,

నా నోరు పడిపోను. నిన్నా నేను అంత మాటన్నది? నిన్నా గుమ్మంలో నిలబెడతానన్నది? నీ ఉత్తరం పూర్తిగా చదవలేక తిరుపాలు చేతికిచ్చాను. వాడు సగం దాకా పైకి చదివి కాగితం పక్కవాడికిచ్చాడు. రూములో ఎవరూ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. ఖాసింను కొట్టబోయాను. "అక్క ఒట్టు పెట్టిచ్చుకున్యాదన్నా, నేనేం జేద్దును" అని వాడూ ఏడ్చాడు.

ఇప్పుడు రాయబోయేది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

ఇల్లు ఖాళీ చేయడమే మేలని అబూ ఫహద్ కొడుకులు పట్టుబట్టారు. నేను ముసలాయన చేతులు పట్టుకుని, "మెట్లు నేను కడతా, ఇనుము నువ్వు ఇప్పించు" అన్నాను. పని నుంచి వచ్చాక అందరం కూడి కట్టాం. బయటి గోడ వెంబడి నేల నుంచి మిద్దె దాకా ఇనుప మెట్లు. నీ మూడు ప్రశ్నలు నా మనసులోనే ఉన్నాయి. ఎవరి గదిలోంచీ పోకుండా నేరుగా రేకుల గది తలుపు దగ్గరికే తేలేటట్టు తిప్పాను. ఇన్నేళ్ల పనిలో అంత నీటుగా వెల్డింగు ఎప్పుడూ పెట్టలేదు. ఒక్కో మెట్టూ అతికేటప్పుడు, జైనాబు ఎక్కేది దీని మీదే అనుకున్నాను.

ఆ ఆఫీసరమ్మ మళ్లీ వచ్చింది. మెట్లెక్కి చూసింది, ఊపి చూసింది, బాగుందంది. అబూ ఫహద్ మొహం వెలిగిపోయింది. ఆమె పైకి వచ్చి రేకుల గది తలుపు తీసింది. లోపలికి పోయి గడియ వేసుకుని కాసేపు నిలబడి బయటికి వచ్చింది. "కిటికీ లేదు. ఎండకాలం ఈ రేకు కింద మనిషి బతుకుతాడా? నీ ఇంటి ఆడవాళ్లను ఇందులో ఉంచుతావా?" అని అడిగింది. ఆమె అన్నది న్యాయం. అదే నన్ను చంపేసింది. గది తీసేస్తేనే లైసెన్స్ అంది.

తీసేది ఎవరు? వెల్డర్ని నేనే కదా. తిరుపాలు రేకు పట్టుకున్నాడు, నేను కోశాను. నీదని చెప్పిన గది కప్పు నా చేతులతో నేనే కోసి కింద పడేశాను. ఇప్పుడా మెట్లు ఎక్కితే ఆకాశం తప్ప ఏమీ లేదు.

లైసెన్స్ వచ్చింది. గోడ మీద బోర్డు పెట్టారు, మా పేర్లన్నీ ఎక్కాయి. జాగా చాలక ఇద్దరు హఫర్ అల్ బాతిన్‌లో పని చూసుకుని పోయారు. మిగిలినవాళ్లను ఇక ఎవరూ కదపలేరట. అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. నాకు ఆ బోర్డు వైపు చూడాలంటే ఒళ్లు మండుతోంది.

అయినా నువ్వు రా. పేరూ వద్దు, బోర్డూ వద్దు. వంటగదికి తలుపు బిగిస్తాను, మేమంతా బయట వండుకుంటాం. అందరినీ అడిగాను, ఒక్కడూ కాదనలేదు. పట్టుకుంటే ముందు నన్ను పట్టుకోనీ. ఆ పూసల చెప్పులు ఖాసిం చేత పంపుతున్నాను. వేసుకుని ఆ లారీ ఎక్కి వచ్చేయ్.

నీ అన్న
ఓబులయ్య


తాయిఫ్
జనవరి చివర

ఓబులన్నకు జైనాబ్ సలాములు.

చెప్పులు అందాయి. కొలిచి కొన్నట్టు సరిపోయాయి. తిరుపాలుకు చెప్పు, ఆడవాళ్ల కాలు కొలత అంత బాగా తెలిసినవాడికి త్వరగా పెళ్లి చేయాలని అక్క అందని.

నేను రాను. కోపంతో కాదు. వంటగదికి నువ్వు తలుపు పెట్టేది నిజమే, అందరూ సరేనన్నదీ నిజమే. కానీ నేను అందులో దొరికితే అబూ ఫహద్ లైసెన్స్ పోతుంది, బోర్డు మీది పేర్లన్నీ పోతాయి, నిన్ను నా ముందే తీసుకుపోతారు. ఇన్నాళ్లకు మీ పేర్లు ఒక గోడ మీదికి ఎక్కాయి. నా ఒక్కదాని పేరు కోసం వాటిని చెరపలేను.

ఆ ఆఫీసరమ్మను తిట్టుకోకు. నీ ఇంటి ఆడవాళ్లను ఇందులో ఉంచుతావా అని ఆమె అడిగిందే, ఈ దేశం వచ్చాక నా గురించి అలా అడిగినవాళ్లు ఆమె ఒక్కతే. అడిగింది నా గురించేనని ఆమెకు తెలియదు, అంతే. నువ్వు కట్టిన మెట్లు కూల్చొద్దు. మంట లేచినప్పుడు తిరుపాలు దిగడానికి పనికొస్తాయి.

కఫీల్ ఫిర్యాదు వెనక్కి తీసుకోనన్నాడు. జెడ్డా పెద్దాయన చెప్పలేక చెప్పారు. మొన్న షెడ్డులో చలికి వేళ్లు కొంకర్లు పోయి, కుక్క అరిచినా లేచి పరిగెత్తలేకపోయాను. అలాగే పడుకుని, వచ్చేవాళ్లు వస్తే రానీ అనుకున్నాను. ఎవరూ రాలేదు. అప్పుడు అర్థమైంది, నన్ను పట్టుకోవడానికి కూడా ఎవరూ రాని చోట ఉన్నానని. అంత ఏడుపు నేనెప్పుడూ ఏడవలేదు.

అందుకే నేనే పోతున్నాను. ఖాసిం తర్హీల్ గేటు దాకా తీసుకుపోయి, దూరంగా దింపి వెళ్లిపోతాడు. అడిగితే నడిచి వచ్చానంటాను. మొదట చెత్తసంచీ పారేసిన రోజు కూడా నడిచే కదా వచ్చాను. దారిలో మక్కాకు తిరిగే రోడ్డు బోర్డు కనిపిస్తుందట. లారీ ఆపొద్దన్నాను, ఆపితే దిగిపోతానేమోనని భయం. కదులుతూనే చేతులెత్తి దువా చేసుకుంటాను. అమీనాకు నువ్వే చెప్పు. అమ్మ జైలుకు పోయిందని చెప్పొద్దు, ఇంటికి వచ్చే దారిలో ఉందని చెప్పు.

అక్కడుండి వచ్చిన ఒకామె చెప్పింది. లోపలికి పోగానే పేరు రాసుకుంటారట, తండ్రి పేరు కూడా అడుగుతారట. పడుకోవడానికి ఒక చోటు చూపిస్తారట. ఈ దేశంలో నా పేరు రాసుకుని లోపలికి రమ్మనే ఇల్లు అదొక్కటే దొరికింది అన్నా. దానికి లైసెన్స్ ఉందా అని ఎవరూ అడగరు.

ఆడవాళ్ల గది ముందు చెప్పులు విడిచి లోపలికి పోవాలట. నీ పూసల చెప్పులు అక్కడ విడుస్తాను. దారిన పోయేవాళ్లు చూసి, లోపల ఒక ఆడమనిషి ఉందనుకుంటారు. ఈసారి అది అబద్ధం కాదు.

నీ చెల్లెలు
జైనాబ్